నేలమాళిగలోకి దిగిన బండి

ఆ చప్పుడు మొదట విన్నది మహబూబున్నీసా.

నిరుడు తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమె వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయడం, మళ్లీ వచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చోవడం తప్ప ఇంకేమీ చేయలేకపోతోంది. శాలిబండలో బస్సుల రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీలో వాళ్ల ఇల్లు. కింద వైకుంఠం సేటు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. పైన రెండు గదుల్లో మహబూబున్నీసా, భర్త నసీరుద్దీన్, కూతురు ఫర్హీన్. బిల్డింగు కూడా వైకుంఠానిదే. పొద్దున దుకాణం తెరిచింది మొదలు బిందెలు దించే మోత, బేరాల మోత పైదాకా వస్తూనే ఉంటాయి. మధ్యాహ్నం తిండికి షట్టరు సగం దించినప్పుడు మాత్రం కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. చప్పుడు వినబడింది అప్పుడే.

"కింద ఎవరో బియ్యం పోస్తున్నట్టున్నరు," అంది ఆమె.

"బర్తన్ల దుకాణంల బియ్యమెక్కడియి?" అన్నాడు నసీరుద్దీన్. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య రోజంతా ఒంటరిగా కూర్చుని ఏవేవో ఊహించుకుంటోందని ఆయన అనుమానం. "పందికొక్కులైతయి. ఆరాం సే కూసో."

ఆమె మళ్లీ చెప్పలేదు. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి చేతిలో తస్బీహ్ పూసలు తిప్పడం ఆపి, తల ఒక పక్కకు వంచి కూర్చునేది. ఆ ఆదివారం ఇంట్లో ఉన్న ఫర్హీన్ అది గమనించింది. ఏమీ అడగకుండా చాప పక్కకు లాగి, బండల మీద పడుకుని చెవి ఆనించింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా, ఆగి ఆగి, ఏదో జారుతున్న చప్పుడు. నిజంగానే సంచిలోంచి బియ్యం జారినట్టు. అది ఆగిపోయాక ఎక్కడో చాలా లోతున ఒక రాయి ఇంకో రాయిని టక్కుమని తాకింది.

"విన్నవా?" అంది తల్లి.

"విన్న అమ్మీ."

ఫర్హీన్ కిందికి దిగి దుకాణంలోకి వెళ్లింది. ధన్‌తేరస్ ముందరి రోజులు; దీపావళికి ముందు వచ్చే ఆ పండక్కి అందరూ కొత్త గిన్నెలు కొంటారు. కొత్త సరుకంతా వచ్చి పడింది. బిందెలు, గుండిగలు, దీపపు సెమ్మెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. నడవడానికి మధ్యలో మనిషి పట్టేంత సందు మాత్రమే మిగిలింది. వైకుంఠం గద్దె మీద టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పింది విని నవ్వాడు.

"కింద నేలమాళిగ ఉన్నది బిడ్డా. మా తాత జమానాల దాంట్ల గోధుమలు పోసేటోళ్లంట. మా బాపు మెట్లు మూసేసి, పైన షాబాదు బండలు పరిపిచ్చిండు. నేను గూడ దాన్ని చూడలే. ఎలుకలకు మంచి మహల్ అయ్యుంటది."

ఫర్హీన్‌కు ఆ మాట నచ్చలేదు. తను పుట్టింది ఈ ఇంట్లోనే. ఇన్నేళ్లూ తన మంచం కింద గది, గది కింద దుకాణం, దుకాణం కింద భూమి అనుకుంది. భూమికి ముందు ఒక ఖాళీ ఉందని ఎవరూ చెప్పలేదు. నిలబడ్డ చోటే ఆమె పాదాలు బిగుసుకున్నాయి.

"బాపూ, షట్టరు గూడ సక్కగ దిగుతలేదు గదా," అన్నాడు వెనకనుంచి నిఖిలేష్. వైకుంఠం కొడుకు, ఫర్హీన్‌కంటే నాలుగైదేళ్లు పెద్ద. "నూనె పోసిన, అయినా ఎడమ దిక్కు పట్టేస్తున్నది."

"పాత షట్టరు, పట్టెయ్యదా?" అన్నాడు వైకుంఠం.

నేలమాళిగకు గాలి కోసం పెట్టిన చిన్న కిటికీ ఒకటి వెనక వాకిట్లో, గోడ అడుగున ఉందని నిఖిలేష్ చూపించాడు. దాని ఇనుప చువ్వలు తుప్పు పట్టి విరిగిపోయాయి. మనిషి దూరలేడు. పక్కనే పై అంతస్తు బాత్రూం నుంచి దిగే పాత పైపు నేలలోకి పోతోంది. అక్కడ మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఫర్హీన్ ఆ కిటికీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. లోపలి నుంచి చల్లటి, కుళ్లిన వాసన మొహానికి కొట్టింది.

"నా రిమోటు బండి దూరుతది ఇందులకెల్లి," అంది.

ఫర్హీన్ ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్. సెలవు రోజుల్లో ఆమెకు ఒకటే పిచ్చి, రాళ్లెక్కే రిమోటు బండ్లు. నిజం జీపులో పదో వంతు ఉంటాయి. వేగంగా పోవు. పెద్ద చక్రాలతో ఒక్కో రాయిని పట్టుకుని మెల్లగా ఎక్కుతాయి. ఆమెలాంటి వాళ్లు కొందరు పహాడీషరీఫ్ అవతలి గుట్టల మీద కలుస్తుంటారు. ఆమె దగ్గర అలాంటివి రెండున్నాయి.

మర్నాడు స్కూలు నుంచి రాగానే ఒక బండి మీద చిన్న వైఫై కెమెరా, టార్చి లైటు, వాటికి విడిగా ఒక బ్యాటరీ పెట్టి, ప్లాస్టిక్ పట్టీలతో బిగించింది. నిఖిలేష్ పక్కన కూర్చున్నాడు. వైకుంఠం గిరాకీ మధ్యలో ఒకసారి వచ్చి తొంగిచూసి పోయాడు. నసీరుద్దీన్ దూరంగా మెట్ల దగ్గర నిలబడ్డాడు.

బండి కిటికీలోంచి లోపలి రాళ్లకుప్ప మీదికి దిగింది. ఫోను తెరమీద ముందు అంతా బూడిద రంగు. తర్వాత టార్చి వెలుగు చీకటిని కొంచెం కొంచెంగా తవ్వుకుంటూ పోయింది. కింద తడి మట్టి. గోడలకు తెల్లటి బూజు. పైన అడ్డంగా తుప్పు పట్టిన ఇనుప దూలాలు, వాటి మీద దుకాణం బండలు. దూలాలను మోస్తూ రాతి స్తంభాలు. ఎక్కడో నీటిబొట్టు పడుతున్నట్టు తెర మీద వెలుగు వణుకుతోంది.

"గా మధ్య స్తంభం చూడు," అన్నాడు నిఖిలేష్. "మొదట్ల నల్లగ ఏందది?"

ఫర్హీన్ బండిని అటు తిప్పింది. మధ్యలో పెద్ద రాయి అడ్డొచ్చింది. ముందు చక్రాలు ఎక్కాయి. బరువంతా వెనక్కి పడింది. పటుక్కుమని చప్పుడు వచ్చింది, వెంటనే తెర పక్కకు ఒరిగిపోయింది. మీట ఎంత తోసినా మోటారు తిరుగుతున్న సొదే తప్ప బండి కదలలేదు.

"ఇరుసు పోయింది," అంది ఆమె. వెనక ఇరుసు గొట్టం ప్లాస్టిక్‌ది. గుట్టల మీద తిరిగేటప్పుడు సరిపోతుంది. ఇంత బరువు దాని మీద పెట్టడం ఇదే మొదటిసారి.

ఒరిగిన తెర మీద స్తంభం అడుగు సగమే కనిపించింది. ఆ నల్ల గీత పగులో, తడి మరకో తెలియలేదు. వాళ్లు చూస్తుండగానే ఆ గీత పక్క నుంచి మట్టి సన్నటి ధారగా జారి ఆగింది. కొద్దిసేపటికి బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది.

ఫోనులో రికార్డయిన ఆ వీడియోను వైకుంఠానికి చూపించారు. ఆయన కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"దీంట్ల నాకేం కనవడ్తలేదు బిడ్డా. తడికి రాయి నల్లవడ్తది. ఇప్పుడు సీజన్. దుకాణం బంద్ చేసి తవ్వుడు నాతోని గాదు. ధన్‌తేరస్ అయినంక మేస్త్రీని పిలిపిస్త, నీ మీదొట్టు."

"అప్పటిదాక ఆగుతదా చాచా?"

"ఇన్నేండ్లు ఆగింది. ఇంకిన్ని రోజులు ఆగదా?"

నసీరుద్దీన్ ముందుకొచ్చి, "మాఫ్ కరో సేట్, పిల్ల ఊకె భయపడ్తది," అన్నాడు. పైకొచ్చాక కూతురితో గొంతు తగ్గించి కోపంగా మాట్లాడాడు. "ఆయనతోని లొల్లి పెట్టుకుంటవా? ఈ కిరాయికి బయట మనకెవరిస్తరు? మీ అమ్మను ఏసుకుని ఎక్కడ తిరుగుత నేను?"

తండ్రి మాటను ఫర్హీన్ తప్పనలేకపోయింది. తనకు ఇళ్ల సంగతి ఏం తెలుసు? తను చూసింది ఒక ఒరిగిపోయిన బొమ్మ. ఒకవేళ తడి మరకే అయితే, సీజన్లో దుకాణం మూయించిన పిల్లగా గల్లీ మొత్తానికి నవ్వులపాలవుతుంది. పగులే అయితే? అక్కడే ఆమె ఆలోచన ఆగిపోయేది. ఆ తర్వాత బండల మీద కాలు పెట్టిన ప్రతిసారీ, తెలియకుండానే, మెత్తగా పెట్టసాగింది. వంటింట్లో తండ్రి ప్రెషర్ కుక్కర్ కింద పెడితే గుండె ఝల్లుమంది.

మరుసటి రోజు స్కూలుకు రెండు రోజులు సెలవు పెట్టింది. రెండో బండి తీసుకుని గల్లీ చివరన ఇనుము కోసే బుచ్చయ్య లేతు షాపుకు పోయింది. ఇరుసు గొట్టం లోపలి కొలత ఇచ్చి, అందులో బిగుతుగా పట్టే ఉక్కు గొట్టం రెండు ముక్కలు కోయించుకుంది. బుచ్చయ్య ఎందుకని అడగలేదు. ఆమె ముందూ ఇలాంటివి కోయించుకుంది.

ఇంటికొచ్చి పాత బెడ్‌షీటు పరిచి, ఇరుసు విప్పి కూర్చుంది. గొట్టం లోపల ఉక్కు ముక్క సగం దాకా పోయి ఆగింది. ఆకురాయితో రుద్దింది. మళ్లీ ఆగింది. అప్పుడు నసీరుద్దీన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇటియ్యి," అన్నాడు చివరికి.

ఆయన గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ గరుకున్న చోటే రుద్దాడు. "బస్సుకైనా ఇంతే. లోపలి రాడ్డు చక్రం తిప్పుతది, అంతే. బరువు మోసేది పైన గొట్టం. అది వంగిందంటే అన్నీ పాయె. లోపల ఉక్కు పెట్టినవు, మంచిగనే ఉన్నది. కింద గూడ ఒక పట్టీ కొట్టు. రాయి తగిలేది ఆడనే."

ఉక్కు ముక్కలకు ఎపాక్సీ జిగురు పూసి జొప్పించారు. లోపలి రాడ్డు తీసేసి ఆమె దగ్గరున్న గట్టి ఉక్కు రాడ్డు వేశారు. ఇరుసు అడుగున ఇనుప పట్టీ పెట్టి రెండు కొసలా మరలు బిగించారు. ముందు చక్రాల దగ్గర ఇత్తడి బిళ్లలు తగిలించారు, ఎక్కేటప్పుడు బండి వెనక్కి ఒరగకుండా. పైన ఇంకో కెమెరా, టార్చి, పెద్ద బ్యాటరీ బిగించారు. పని చేస్తున్నంతసేపూ ఇద్దరూ పనిముట్లను నేల మీద కాకుండా బెడ్‌షీటు మడతల మీదే పెడుతున్నారు. ఇద్దరూ అది గమనించుకున్నారు.

"నాకు గూడ డరే బేటీ," అన్నాడు నసీరుద్దీన్ తలెత్తకుండా. "నిన్న నువ్వు చూపించినప్పటి సంది. మీ అమ్మ ముంగట అనలేక అట్లన్న."

కిటికీ పక్క నుంచి మహబూబున్నీసా, "నాకు చెవులు మంచిగనే ఉన్నయి," అంది.

ఎపాక్సీ ఆరేదాకా ఆగారు. ఆ మర్నాడు మధ్యాహ్నం, దుకాణంలో గిరాకీ మస్తుగా ఉన్న వేళ, ఫర్హీన్ వెనక వాకిట్లో కిటికీ ముందు కూర్చుంది. నిఖిలేష్ పనివాళ్లకు దుకాణం అప్పజెప్పి వచ్చాడు. నసీరుద్దీన్ ఈసారి వాళ్ల వెనకే నిలబడ్డాడు. ఇప్పుడు బండి బరువుగా ఉంది. రాళ్లకుప్ప మీద దిగుతుంటే చక్రాలు నిదానంగా, గట్టిగా పట్టుకున్నాయి.

"మొన్నటి బండి ముందుగాల కనవడాలె," అంది ఆమె. "దాని పక్క నుంచి పోవాలె."

కనబడలేదు. బండి తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. దారి తప్పానేమో అనుకుంది. గోడ అదే, దూలం అదే, అడ్డొచ్చిన పెద్ద రాయి కూడా అదే. రాయి పక్కన మట్టికుప్ప ఉంది. ఆమె టార్చి దాని మీదికి తిప్పింది. మట్టిలోంచి ఒక చక్రం మాత్రం బయటికి కనిపిస్తోంది. నల్ల రబ్బరు చక్రం.

"మొన్న ఈ మట్టి లేదు," అన్నాడు నిఖిలేష్. "మొన్న లేదు గదా?"

"లేదు."

ఆమె మీట మెల్లగా తోసింది. బండి మట్టికుప్ప ఎక్కడం మొదలుపెట్టింది. ముందు భాగం పైకి లేచింది. వెనక ఇరుసు మీద భారం పడింది. అడుగున పట్టీ రాయికి గీసుకున్న చప్పుడు కిటికీలోంచి బయటికి వచ్చింది. ఫర్హీన్ కళ్లు మూసుకోబోయి ఆపుకుంది. ఇరుసు నిలబడింది. బండి కుప్ప పైకెక్కి సరిగ్గా స్తంభానికి ఎదురుగా ఆగింది.

స్తంభం అడుగు రాయి పక్కకు జారిపోయి ఉంది. స్తంభం ఆ రాయి అంచు మీద, అరచెయ్యి వెడల్పు కూడా లేని చోట నిలబడి ఉంది. దాని వెనక గోడలోంచి నీళ్లు ఊరుతున్నాయి. పైన ఎవరో బిందె దించినట్టున్నారు. ధన్‌మని చిన్న మోత. వెంటనే స్తంభం అడుగు నుంచి మట్టి రాలింది, బియ్యంలాగా.

నిఖిలేష్ లేచి వెళ్లి తండ్రిని పిలుచుకొచ్చాడు. వైకుంఠం వంగి ఫోను చూశాడు. ఈసారి కళ్లజోడు పైకెత్తలేదు. పైన మళ్లీ మోత, తెరలో మళ్లీ మట్టి. ఆయన మొహం నెమ్మదిగా రంగు మారింది.

"ఇది ఇప్పటిదేనా?" అన్నాడు.

"ఇప్పటిదే చాచా. ఇప్పుడు అయితున్నది."

"ఏ జాగల?"

నిఖిలేష్ అడుగులతో అంచనా వేసి చెప్పాడు. "నీ గద్దె కిందనే బాపూ."

వైకుంఠం అరవలేదు. గోడకు చెయ్యి ఆనించి, మళ్లీ ఆ గోడను చూసి చెయ్యి తీసేశాడు. "గిరాకీని బయటికి పంపు. ఒక్కొక్కల్ని. కరెంటు పోయిందని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. ఉరుకొద్దను. బిందె చేతుల ఉంటే పట్టుకునే పొమ్మను, కింద పెట్టొద్దను."

నిఖిలేష్ ముందు వాకిట్లోకి పోయాడు. పోతూ ఎవరికో ఫోన్ చేసి చిరునామా చెబుతున్నాడు. ఫర్హీన్ లేవబోయింది. "అమ్మీ పైన ఉంది."

"నేను పోత," అన్నాడు నసీరుద్దీన్. అప్పటికే మెట్ల మొదటికి చేరాడు. "నువ్వు దాన్ని చూస్తనే ఉండు. మట్టి ఎక్కువ రాలితే చెప్పు, మేం ఆగుతం. ఫోన్ చెయ్యి."

ఆమె ఫోనులో కెమెరా నడుస్తోంది. వైకుంఠం తన ఫోను ఇచ్చాడు. ఆమె తండ్రికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి నేల మీద ఉంచింది. "చాచా, మీరు బయటికి పోండి," అంది. ఆయన కదలలేదు. ఆమె రెండోసారి అన్నాక వాకిలి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

ఫోన్‌లో తండ్రి అడుగులు, తల్లి గొంతు వినిపించాయి. బుర్ఖా ఏదని అడుగుతోంది.

"బుర్ఖా వద్దు, చల్."

"గల్లీల ఇంతమంది మొగోళ్ల ముంగట?"

"అమ్మీ," అంది ఫర్హీన్. "దుప్పటి కప్పుకో. అబ్బాజాన్, జల్దీ."

తర్వాత వాకర్ చప్పుడు మొదలైంది. టక్, కాలు ఈడ్చిన చప్పుడు, టక్. మొదటి టక్‌కే తెరమీద మట్టి రాలింది. రెండో దానికి స్తంభం మొదట్లోంచి ఒక చిన్న రాయి ఊడి దొర్లి, బండి ముందు చక్రానికి తగిలి ఆగింది.

"ఆగండి," అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "వాకర్ వద్దు. దాన్ని వదిలెయ్యండి."

"వాకర్ లేకుంటే ఎట్ల దిగుత నేను?" అంది తల్లి.

నసీరుద్దీన్ అన్నాడు, "కూసో. మెట్టు మీద కూసో. కూసుని కూసుని దిగుదాం, చిన్నపిల్లల లెక్క. నేను ముంగట ఉంట."

రాతి మెట్లు. తుంటి విరిగిన మనిషి. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా తల్లి నోటి నుంచి వచ్చే మూలుగు ఫర్హీన్‌కు స్పష్టంగా వినిపించింది. ఆమె కళ్లు మాత్రం స్తంభం మీదే ఉన్నాయి. మట్టి రాలితే "ఆగు" అనేది. ఆగితే "దా" అనేది. అంతకుమించి ఒక్క మాట కూడా ఆమె నోటికి రాలేదు. లేచి పరుగెత్తి తల్లిని పట్టుకోవాలని ఒళ్లంతా లాగుతోంది. లేస్తే చూసేవాళ్లు లేరు.

ఒకసారి ఆమె "దా" అన్నాక, స్తంభం పైనుంచి రాతిపెచ్చు విరిగి నేరుగా బండి మీద పడింది. తెర ఊగిపోయింది. టార్చి ఆరి, మళ్లీ వెలిగింది. బండి కుప్ప మీద నుంచి వెనక్కి జారుతుంటే ఆమె మీటను చివరిదాకా తోసింది. చక్రాలు మట్టిలో గీరుకుని, పట్టు దొరికి, పెచ్చుతో సహా బండిని మళ్లీ పైకి లాగాయి. స్తంభం మళ్లీ కనబడింది. ఇప్పుడది నిటారుగా లేదు.

"అబ్బాజాన్," అంది. "ఇప్పుడు ఆగొద్దు."

ఫోన్‌లో ఒక్కసారిగా గుడ్డల రాపిడి, తల్లి గట్టిగా అల్లాను పిలవడం వినిపించాయి. ఆయన ఆమెను ఎత్తుకున్నాడు. ఎత్తుకునే వయసు దాటిన మనిషి. చివరి మెట్లు ఎలా దిగాడో ఆయనకు తర్వాత కూడా గుర్తు రాలేదు. మెట్ల దారిలోంచి దుప్పటితో సహా ఇద్దరూ బయటపడటం చూసి ఫర్హీన్ రిమోటు అక్కడే వదిలేసి లేచింది. నడుస్తూ ఫోను మాత్రం చేతిలో పట్టుకునే ఉంది.

గల్లీ అంతా జనం. ఎదురింటి వాళ్లు కుర్చీ తెచ్చి దూరంగా వేశారు. మహబూబున్నీసాను అందులో కూర్చోబెట్టారు. దుకాణం బార్లా తెరిచి ఉంది. కప్పుదాకా మెరుస్తున్న ఇత్తడి, లోపల ఒక్క మనిషి లేడు. వైకుంఠం షట్టరు వైపు అడుగు వేశాడు.

"దించొద్దు చాచా," అంది ఫర్హీన్. "ఆ గుంజుడుకే పడిపోతది."

"తెరిచి పెట్టి ఎట్ల పోత?" అన్నాడు. కానీ పోలేదు. నిఖిలేష్ ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

ఫైరింజన్ వాళ్లు వచ్చి ఫర్హీన్ ఫోను చూశారు. వెంటనే రెండు పక్కల ఇళ్లు ఖాళీ చేయించి, అడ్డంగా తాడు కట్టారు. సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ అయింది. ఏమీ కాలేదు. జనంలో ఎవరో, ఊకె పరేషాన్ చేసిన్రు అన్నారు. ఫర్హీన్‌కు ఆ క్షణంలో ఇంకో భయం పట్టుకుంది. పడకపోతే? రేపు పొద్దున్నే అందరూ మళ్లీ లోపలికి పోతే?

చేతిలో తెర నల్లబడింది.

బ్యాటరీ అయిందేమో అనుకునేలోపు దుకాణం మధ్యలో బండలు నోరు తెరిచినట్టు లోపలికి కుంగాయి. ముందు గద్దె పోయింది. తర్వాత బిందెల వరసలు ఒకదాని వెనక ఒకటి, మోత పెట్టుకుంటూ, ఆ గోతిలోకి దొర్లాయి. మధ్య గోడ కూలింది. దాంతో పై గది ఒక మూల, కిటికీ ఉన్న మూల, కిందికి జారింది. దుమ్ము గల్లీని కమ్మేసింది. దుమ్ములో ఎవరూ ఎవరికీ కనబడలేదు. లోపల మాత్రం బిందెలు దొర్లుతూనే ఉన్నాయి, చాలాసేపు.

మహబూబున్నీసా కూతురి చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. "నా కుర్చీ గాడనే ఉండె," అంది. కిటికీ ఉన్న చోటు వైపు చూస్తూ అదే మాట మళ్లీ మళ్లీ అంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వైకుంఠం రోడ్డు మీదే కూలబడి, తనవాళ్లందరినీ పేరు పేరునా పిలిచి, పలికిన వాళ్లను మళ్లీ పిలిచాడు.

మిగిలిన బిల్డింగును తర్వాత వారంలోనే పడగొట్టారు. సొట్టపోయిన సామాను తవ్వి తీసి, వైకుంఠం తన తమ్ముడి దుకాణంలో ఒక పక్కన పెట్టుకున్నాడు. ఒకరోజు నసీరుద్దీన్ వాళ్లను చూడటానికి వాళ్ల కొత్త ఇంటికి వచ్చాడు. ఫర్హీన్‌తో ఏదో అనబోయి, "ధన్‌తేరస్ అయినంక అన్న కదా బిడ్డా నేను," అని ఆగిపోయాడు. చాయ్ తాగినంతసేపూ గోడకు ఆనుకోకుండా కూర్చున్నాడు.

ఇప్పుడు వాళ్లు మాదన్నపేటలో కూరగాయల మార్కెట్ వెనక ఒక ఇంట్లో ఉంటున్నారు. కింది వాటా. పాత గల్లీ వాళ్లు ఒకరిద్దరు వచ్చి తమ ఇళ్ల కింద కూడా బండి పంపించి చూడమని అడిగారు. ఫర్హీన్ సరేనంది. కొత్త బండికి ఇరుసు తయారుచేస్తోంది కూడా. కానీ తెర మీద ఆ చీకటి మళ్లీ చూడాలంటే చేతిలో పని పక్కన పెట్టేస్తుంది. ఇవాళ, రేపు అంటూ జరుపుతోంది. అలా జరుపుతున్నందుకు ఇంకా భయపడుతోంది.

కొత్త ఇంట్లో దిగిన మొదటి రోజు మహబూబున్నీసా మంచం మీద నుంచి కాలు కింద పెట్టలేదు. వాకర్‌తో నేలను ఒకచోట తట్టింది, ఇంకోచోట తట్టింది.

"దీని కింద ఏమున్నది?" అని అడిగింది.

"మట్టి అమ్మీ. ఓనర్‌ను అడిగిన."

"మట్టి కింద?"

"మట్టే."

"దాని కింద?"

ఫర్హీన్ వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. ఇద్దరి పాదాలూ మంచం మీదే ఉన్నాయి. మార్కెట్లో బండ్లు తోసేవాళ్ల అరుపులు వినబడుతున్నాయి. కాసేపటికి నసీరుద్దీన్ లోపలికి వచ్చి, గది మధ్యలో నిలబడి, ఇద్దరికేసి చూశాడు. ఆ తర్వాత మెల్లగా, చెప్పులు లేని కాలితో, ఒక్కో బండ మీద అడుగు వేసుకుంటూ గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి చూపించాడు.

"దా," అన్నాడు భార్యతో, చెయ్యి చాపి.

ఆమె చాలాసేపు ఆ చేతిని చూసింది. తర్వాత ఒక కాలు కింద పెట్టింది.